ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ నాణ్యత మీద టీచర్ల అభిప్రాయం అడిగారు. ఏం చూసి రాయాలి?

సుద్దముక్క:

అందరికీ నమస్కారం. నేను లెక్కల టీచర్ని, ఎనిమిది, తొమ్మిది తరగతులకు చెబుతాను. మా స్కూల్లో ఈ ఏడాది ఒక ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ తీసుకున్నారు. పేరు చెప్పను, చెబితే చర్చంతా ఆ కంపెనీ మీదకే పోతుంది. వీడియోలు, ప్రాక్టీసు ప్రశ్నలు, చాప్టర్ చివర టెస్టు, పిల్లల మార్కులన్నీ ఒకచోట చూపించే డాష్‌బోర్డు టీచర్‌కి, అన్నీ ఉన్నాయి. వచ్చే ఏడాదికి కొనసాగించాలా వద్దా అని ఇప్పుడు మేనేజ్‌మెంట్ మా అభిప్రాయం అడుగుతోంది.

అడగడం సంతోషమే. కానీ అడిగిన తీరు చూడండి. ఒక ఆన్‌లైన్ ఫామ్. "కంటెంట్ నాణ్యత ఎలా ఉంది?", "వాడటం తేలికగా ఉందా?", "విద్యార్థులకు ఆసక్తి కలుగుతోందా?" ప్రతిదానికీ ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు. కింద "ఇంకేమైనా సూచనలు" అని రెండు లైన్లు పట్టే గడి. అయిపోయింది.

స్టాఫ్‌రూమ్‌లో దీని మీద మాట్లాడుకుంటే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. సోషల్ మేడమ్‌కి బ్రహ్మాండంగా ఉంది, వీడియో పెడితే క్లాసు నిశ్శబ్దంగా కూర్చుంటోందట, గొంతుకు కాస్త విశ్రాంతి. కెమిస్ట్రీ సర్‌కి అస్సలు నచ్చలేదు, చాప్టర్ల వరస మేం చెప్పే వరసతో కలవట్లేదని. కంప్యూటర్ సర్ పేజీ తెరుచుకునే వేగం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ముగ్గురూ వాడుతున్నది ఒకే ప్లాట్‌ఫామేనా అనిపించింది నాకు.

నా సంగతి చెబుతాను. వీడియోలు శుభ్రంగా ఉన్నాయి. చెప్పే ఆవిడ గొంతు బాగుంటుంది, బొమ్మలు బాగుంటాయి. పిల్లలకు చాప్టర్ టెస్టులో 85, 90 శాతం వస్తోంది. వారం తిరిగాక అదే చాప్టర్ మీద నేను నోటుబుక్‌లో స్లిప్ టెస్టు పెడితే సగం మంది తడబడుతున్నారు. డాష్‌బోర్డులో మాత్రం అందరి పేర్ల పక్కనా ఆకుపచ్చ టిక్కు. నేను టెస్టు కఠినంగా ఇస్తున్నానా, ఆ 90 శాతంలోనే ఏదన్నా మర్మం ఉందా, తెలియట్లేదు.

నక్షత్రాలు ఎలాగూ పెడతాను. కానీ అభిప్రాయం అంటూ రాస్తే దానికో ఆధారం ఉండాలి కదా. ఇలాంటివి పరిశీలించి రాసిన అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, అసలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. నాకున్నది ఈ వారమే, అందులోనూ ఖాళీ పీరియడ్లే.

హాజరుపట్టీ:

మేడమ్, అన్నింటికీ నాలుగు నక్షత్రాలు పెట్టి సబ్మిట్ కొట్టండి. ఐదు పెడితే కంపెనీ మనిషి అనుకుంటారు, మూడు పెడితే "మీరు సరిగ్గా వాడట్లేదేమో" అని ట్రైనింగ్ వేస్తారు. నాలుగు పెడితే ఎవరూ మన జోలికి రారు. కొనాలో వద్దో ఎప్పుడో తేల్చేసుకుని ఉంటారు.

మూడో పీరియడ్:

హాజరుపట్టీ గారి మాటలో నిజం లేకపోలేదు. కానీ అందరం నాలుగే పెడుతూ పోతే రేపు "టీచర్లే బాగుందన్నారు" అని మన పేరే చెబుతారు. అందుకని కాస్త వివరంగా రాస్తాను. నేను ఫిజిక్స్ చెబుతాను, ఇలాంటి పరిశీలనల్లో చాలాసార్లు కూర్చున్నాను, విసిగిపోయాను కూడా.

మేడమ్, ముందు టీచర్ లాగిన్ మూసేయండి. దాంట్లోంచి చూసినంతకాలం మీకు కనిపించేది షోరూమ్. ఒక డమ్మీ విద్యార్థి లాగిన్ అడిగి తీసుకోండి. ప్లాట్‌ఫామ్ అంతా తిరగొద్దు. మీకు కొట్టినపిండి అయిన చాప్టర్ ఒక్కటి ఎంచుకోండి. అందులో కూర్చుని జవాబులన్నీ తప్పు పెట్టండి.

తప్పు అంటే ఏదో ఒక తప్పు కాదు. మీ పిల్లలు నోటుబుక్కుల్లో ఏటా చేసే తప్పులు, మీ ఎర్ర ఇంకు ఎక్కువగా ఖర్చయ్యే తప్పులు. 1/2 + 1/3 కి 2/5 అని రాస్తారు చూడండి, లవాలు లవాలు, హారాలు హారాలు కూడేసి. 0.45, 0.6లో ఏది పెద్దదంటే 45 పెద్దది కాబట్టి 0.45 అంటారు. 3x + 5 = 20 ఇస్తే ఐదుని గుర్తు మార్చకుండా అటు పంపి 3x = 25 చేస్తారు. ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు. మంచి టీచర్ జవాబు చూడగానే ఏ జబ్బో చెప్పేస్తాడు. ప్లాట్‌ఫామ్ ఏం చేస్తుందో చూడండి. "తప్పు, మళ్ళీ ప్రయత్నించండి" అని ఊరుకుందా? సరైన జవాబు చూపించి తర్వాతి ప్రశ్నకు పోయిందా? లేక 2/5 చూసి, "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ వచ్చిందే, ఎలా?" అని పిల్లాడిని ఆపిందా? ఆ మూడోది చేసే ప్లాట్‌ఫామ్‌కి బొమ్మలు బాగోకపోయినా నేను నక్షత్రాలు ఇస్తాను.

ఒప్పు జవాబు ఎవరు పెట్టినా ప్లాట్‌ఫామ్ చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. పిల్లాడికి అది అక్కరకొచ్చేది తప్పు దగ్గరే. మనవాళ్ళు మాత్రం పరిశీలనకు కూర్చుని చకచకా ఒప్పు జవాబులు పెట్టుకుంటూ పోయి "బాగా నడుస్తోంది" అని రాసి లేస్తారు. డెమో ఇచ్చే కుర్రాడు కూడా అంతే, ఒక్క తప్పు పెట్టడు.

మీ 90 శాతం మర్మం కూడా అక్కడే దొరుకుతుందని నా అనుమానం. తప్పు పెట్టాక అదే ప్రశ్న, అవే అంకెలతో మళ్ళీ వస్తోందా చూడండి. వస్తే రెండోసారి లెక్క చేయాల్సిన పని లేదు, ఇందాక "బి" తప్పన్నాడు, ఇప్పుడు "సి". ఎన్నిసార్లు రాసినా అన్నింట్లోకి ఎక్కువ మార్కునే లెక్కలోకి తీసుకుంటోందా అన్నది కూడా కనుక్కోండి. ఈ రెండూ కలిస్తే 90 రాకపోవడమే వింత.

ఇంకో సరదా పరీక్ష ఉంది. టెస్టు తెరిచి ప్రశ్న చదవకుండా, ప్రతిసారీ నాలుగు ఆప్షన్లలో పొడుగ్గా ఉన్నదాన్ని నొక్కండి. గుడ్డిగా నొక్కితే నాలుగో వంతు రావాలి. సగం వచ్చిందంటే ప్రశ్నలు రాసినవాళ్ళు ఒప్పు జవాబును శ్రద్ధగా రాసి, తప్పు ఆప్షన్లను ఏదో ఒకటి పడేశారన్నమాట. లెక్కల్లో ఇది పెద్దగా పనిచేయదు, అన్నీ అంకెలే కాబట్టి. మీ సోషల్ మేడమ్‌ని ప్రయత్నించమనండి.

ఇక వీడియోలు. "శుభ్రంగా ఉన్నాయి" అన్నారు. నాకు భయం వేసే మాట అదే. వెరిటాసియం అనే యూట్యూబ్ ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ పేరు వినే ఉంటారు. ఆ ఛానెల్ పెట్టకముందు ఆయన సిడ్నీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసింది ఈ విషయం మీదే, 2008లో. ఫిజిక్స్ వీడియోలు రెండు రకాలుగా చేశారు. ఒక రకంలో విషయాన్ని సూటిగా, పొల్లుపోకుండా చెప్పడం. రెండో రకంలో విద్యార్థులకు మామూలుగా ఉండే తప్పు ఊహను ముందు ఒకరి నోట పలికించి, దాని మీద వాదన నడపడం. మొదటి రకం చూసినవాళ్ళు స్పష్టంగా ఉంది, తేలిగ్గా అర్థమైంది అన్నారు. పరీక్ష పెడితే చూడకముందు ఎంతో చూశాక కూడా దాదాపు అంతే. రెండో రకం చూసినవాళ్ళు గందరగోళంగా ఉందన్నారు, మార్కులు మాత్రం బాగా పెరిగాయి.

నా క్లాసులోనూ ఇదే చూస్తుంటాను. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. చిట్టచివరి ఎత్తులో ఒక్క క్షణం ఆగినట్టుంటుంది కదా, అప్పుడు దాని మీద బలం ఎంత? సగం క్లాసు "సున్నా" అంటుంది. మిగిలినవాళ్ళలో కొందరు "చెయ్యి ఇచ్చిన బలం అయిపోయింది, ఇప్పుడు గురుత్వాకర్షణ మొదలవుతుంది" అంటారు. గాలిని పక్కన పెడితే చెయ్యి వదిలిన క్షణం నుంచి దాని మీద ఉన్నది ఒక్క గురుత్వ బలమే, పైకి పోతున్నా, ఆగినా, కిందికొస్తున్నా. ఈ ముక్క శుభ్రంగా చెప్పే వీడియో చూపిస్తే పిల్లలు తలలూపుతారు. తర్వాత అడిగితే మళ్ళీ "సున్నా". వాళ్ళకు తెలిసిందే వీడియోలో చెప్పారనుకుంటారు. కాబట్టి వీడియో చూసేటప్పుడు బొమ్మలు, గొంతు పక్కన పెట్టి, పిల్లలు ఎక్కడ పొరపడతారో ఈ చెప్పే మనిషికి తెలుసా అన్నది ఒక్కటే గమనించండి. రెండు వీడియోలు చూస్తే తెలిసిపోతుంది.

మీ స్లిప్ టెస్టు కఠినమని అనుకోవద్దు. వారం ఆగి పెట్టడమే దాని బలం. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగం ఉంది. ఒక పాఠాన్ని కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారు, రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. ప్లాట్‌ఫామ్ టెస్టు వీడియో అయిన వెంటనే వస్తుంది, మీ స్లిప్ టెస్టు వారానికి. నాకైతే మీ కాగితం మీదే నమ్మకం.

ప్రశ్నల బ్యాంకు:

మూడో పీరియడ్ సర్ రాసింది చదివి నవ్వు, సిగ్గు రెండూ వచ్చాయి. టీచర్ ఉద్యోగంలో చేరకముందు నేను ఇలాంటి ఒక కంపెనీకి ప్రశ్నలు రాసేదాన్ని. పేరు అనవసరం. రోజుకిన్ని ప్రశ్నలని టార్గెట్. ఒప్పు జవాబులో గానీ వివరణలో గానీ తప్పుంటే రివ్యూలో తిప్పి పంపేవారు. తప్పు ఆప్షన్లు ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు. ఒప్పు జవాబు 24 అయితే 22, 26, 28 అని పడేసి ముందుకెళ్ళేవాళ్ళం. పిల్లలు ఏ తప్పు దారిన వెళ్తే ఏ అంకె వస్తుందో చూసి ఆప్షన్ పెట్టాలంటే ఒక్కో ప్రశ్నకు ఎంతో సేపు పడుతుంది. అంత టైము ఎవరిచ్చారు? పిల్లల నోటుబుక్కు ఒక్కటీ మా కళ్ళబడలేదు.

కాబట్టి లోపలి మనిషిగా కొన్ని గుర్తులు చెబుతాను. ఏ తప్పు ఆప్షన్ నొక్కినా అదే వివరణ వస్తే, అది ఒకసారి రాసి అతికించిందే. "పైవన్నీ" అన్న ఆప్షన్ ఎక్కడ కనిపించినా అదే ఒప్పవుతుంటే, నాలుగో ఆప్షన్ తోచక పెట్టింది. పది ప్రశ్నల్లో అంకెలు మారి వాక్యం మారకపోతే, అవి పది ప్రశ్నలు కావు, ఒక్కటే. "మా దగ్గర లక్షల ప్రశ్నలున్నాయి" అని చెప్పుకునే లెక్కల్లో ఇవి చాలా ఉంటాయి.

జవాబు టైపు చేసే ప్రశ్నలుంటే అక్కడా ఒక చూపు చూడండి మేడమ్. 0.5 ఒప్పుకుని 1/2ని తప్పంటుందా? 2x + 6 ఒప్పుకుని 2(x + 3)ని కొట్టేస్తుందా? సరిగ్గా చేసిన పిల్లాడికి తప్పని చూపించడం కంటే అన్యాయం లేదు. రెండుసార్లు అలా జరిగితే వాడు లెక్క చేయడం మానేసి, ఈ మెషీన్‌కి ఏం కావాలో ఊహించడం మొదలుపెడతాడు.

ఇంకొకటి. తప్పున్న ప్రశ్న ఒకటి పట్టుకుని "రిపోర్ట్" బటన్ నొక్కండి. తేదీ రాసి పెట్టుకోండి. ఎప్పటికి సరిచేస్తారో చూడండి. తప్పులు అందరివీ ఉంటాయి, పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటాయి. పుస్తకమైతే మళ్ళీ అచ్చయ్యేదాకా ఆగాలి, ఆన్‌లైన్‌లో ఆ సాకు లేదు.

సుద్దముక్క:

ఇద్దరికీ చాలా థాంక్స్. డమ్మీ లాగిన్ దొరికింది, రేపు కూర్చుంటాను. ఒక అనుమానం. మా మేనేజ్‌మెంట్‌కి డాష్‌బోర్డు అంటే మహా ఇష్టం. "సగటున ప్రతి విద్యార్థి ఇన్ని నిమిషాలు నేర్చుకున్నాడు", "ఇంత శాతం పూర్తిచేశాడు" అని గ్రాఫులు. మీటింగ్‌లో అవే తెరమీద వేస్తారు. నేను స్లిప్ టెస్టు మార్కులు పట్టుకుని వెళ్తే ఆ గ్రాఫుల ముందు ఆనుతాయా?

మూడో పీరియడ్:

నిమిషాల గ్రాఫు గురించి ఒకే ఒక్క ప్రశ్న వేయండి మేడమ్: వీడియో నడుస్తూ ఉండగా పిల్లాడు పక్క గదికి వెళ్తే ఆ నిమిషాలు కలుస్తాయా? కలుస్తాయనే చెప్పాల్సి వస్తుంది. 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడి బృందం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల సైట్ కోర్సుల్లోని 862 వీడియోలను పరిశీలించింది, దాదాపు 69 లక్షల వీక్షణల డేటాతో. వీడియో ఎంత పొడుగున్నా జనం చూసే సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదు. అంత డేటా చేతిలో ఉండి కూడా, వీడియో నడిచిన సమయం తెలుస్తుంది గానీ చూసేవాడి ధ్యాస ఎక్కడుందో తెలియదని వాళ్ళే ఒప్పుకున్నారు. మన డాష్‌బోర్డులకు మాత్రం ఆ మొహమాటం లేదు. "నేర్చుకున్న నిమిషాలు" అని పేరు పెట్టేశాయి.

వాళ్ళను గ్రాఫుతోనే ఎదుర్కోవాలంటే ప్రశ్నల వారీ డేటా అడగండి. ఏ ప్రశ్నకు ఏ పిల్లాడు ఏ ఆప్షన్ నొక్కాడు, అదీ మొదటి ప్రయత్నంలో. అది చేతికొస్తే లెక్క చాలా సులువు, మీకు మరీను. పిల్లలను మొత్తం మార్కుల వరసలో పేర్చండి. పైనుంచి 27 శాతం, కిందినుంచి 27 శాతం తీసుకోండి. ఈ 27 అన్న అంకె 1939లో ట్రూమన్ కెల్లీ అనే గణాంక నిపుణుడు లెక్కకట్టి చెప్పింది, ఇప్పటికీ అదే వాడుతున్నాం. నలభై మంది క్లాసైతే పైన 11 మంది, కింద 11 మంది. ఒక ప్రశ్నకు పైవాళ్ళలో 9 మంది, కిందివాళ్ళలో 3 ఒప్పు పెట్టారనుకుందాం. తేడా 6, దాన్ని 11తో భాగిస్తే 0.55. మంచి ప్రశ్న, తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ విడదీస్తోంది. సున్నా దగ్గర ఉంటే ఆ ప్రశ్న ఉన్నా లేనట్టే. పైవాళ్ళు 4, కిందివాళ్ళు 6 వచ్చి రుణాత్మకమైతే మాత్రం ఆగి ఆ ప్రశ్న చదవండి. చాలాసార్లు జవాబుల కీ తప్పయి ఉంటుంది, లేదా ప్రశ్నలోనే మెలిక ఉండి బాగా చదివేవాడే అందులో పడుతుంటాడు. చిన్న క్లాసులో ఈ అంకెలు కాస్త ఊగుతాయి, సెక్షన్లన్నీ కలిపి చేస్తే మేలు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. మూడ్‌ల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్ 2002 నుంచి ఉచితంగా దొరుకుతోంది, దాని క్విజ్ రిపోర్టులో ప్రతి ప్రశ్నకూ ఎంతమంది ఒప్పు పెట్టారన్న సూచికతో పాటు ఇలా విడదీసే సూచిక కూడా వస్తుంది. ఉచితంగా దొరికేదాంట్లో ఉన్నది డబ్బు తీసుకునేదాంట్లో లేకపోతే ఎందుకు లేదో కంపెనీవాళ్ళే చెప్పాలి.

మొదటి బెంచీ:

చర్చ బాగుంది, కానీ ఒక మూల ఎవరూ చూడలేదు. నేను ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేస్తాను. మీ పరిశీలనలో ఇవి కూడా చేర్చండి, పది నిమిషాల పని.

ఫోన్ సెట్టింగ్స్‌లో తెరను నలుపు తెలుపుకి మార్చి ఒక టెస్టు రాయండి. ఒప్పు తప్పులను ఆకుపచ్చ, ఎరుపు రంగులతో మాత్రమే చూపిస్తుంటే, రెండూ దాదాపు ఒకేలాంటి బూడిద రంగులో కనబడొచ్చు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు క్లాసులో ఉన్నా మనకు తెలియకపోవచ్చు, వాళ్ళూ చెప్పరు. మా దగ్గర ఒక బార్ గ్రాఫ్ ప్రశ్నలో "ఎర్ర పట్టీ దేన్ని సూచిస్తుంది?" అని అడిగారు, పట్టీల మీద పేర్లు లేవు. ఆ పిల్లాడికి గ్రాఫు చదవడం వచ్చు. అయినా మార్కు పోయింది.

తర్వాత శబ్దం తీసేసి వీడియో చూడండి. కింద అక్షరాలు వస్తున్నాయా, వస్తే చెప్పేదానికి సరిపోతున్నాయా? కంప్యూటర్ తనంతట తాను రాసిన సబ్‌టైటిల్స్‌లో అంకెలు, సూత్రాలే ముందు పాడవుతాయి. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలున్నాయి. 2.0 వెర్షన్ 2008లోనే వచ్చింది. సమాచారాన్ని రంగు ఒక్కదానితోనే చెప్పకూడదని, మామూలు సైజు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా నిష్పత్తి, కనీసం 4.5కి 1 ఉండాలని అందులో ఉంది. లేత బూడిద మీద తెల్ల అక్షరాలు పెట్టి మోడ్రన్ డిజైన్ అంటారు చూశారా, అవి చాలావరకు ఇక్కడే ఫెయిల్.

టైమర్ కూడా చూడండి. చదవడం నెమ్మదైన పిల్లలకు అదనపు సమయం ఇచ్చే వీలు టీచర్ చేతిలో ఉందా? లేకపోతే మీరు కొలుస్తున్నది లెక్కలు కాదు, చదివే వేగం.

సుద్దముక్క:

కూర్చున్నాను. సోషల్ మేడమ్, కెమిస్ట్రీ సర్ కూడా చెరో చాప్టర్ పట్టుకున్నారు. ఏం తేలిందో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

భిన్నాల చాప్టర్‌లో 2/5 పెట్టాను. "అయ్యో, దగ్గరగా వచ్చారు! సరైన జవాబు 5/6" అని వచ్చి, ఒక బెలూన్ ఎగిరింది. దగ్గరగా రావడమేంటో! 0.45 పెడితే కూడా దగ్గరగానే వచ్చానట. ఉన్నవి రెండే జవాబులు. మళ్ళీ ప్రయత్నిస్తే అవే అంకెలు, అదే వరస. ఎక్కువ మార్కునే తీసుకుంటోంది, అది కూడా నిజమే. ఆ 90 శాతం సంగతి తేలిపోయింది.

అయితే చెప్పాల్సిన ఇంకో సంగతి ఉంది. సరళరేఖల గ్రాఫుల చాప్టర్ వేరే మనుషులు చేసినట్టుంది. y = −2x + 3కి గీత గీయమంటే నేను వాలు గుర్తు మార్చి y = 2x + 3 గీశాను. తప్పని చెప్పలేదు. నా గీత మీద (1, 5) బిందువుని వెలిగించి, "x దగ్గర 1 పెడితే సమీకరణం ఎంత ఇస్తుంది?" అని అడిగింది. వేసి చూస్తే 1. నా గీతేమో 5 అంటోంది. అక్కడ గీతని పట్టుకుని తిప్పుకుంటూ సరిచేసుకోవచ్చు. నేను బోర్డు మీద ఇంత బాగా చూపించలేను, చెయ్యి అంత కుదరదు. రేఖాగణితంలో త్రిభుజం శీర్షాన్ని పట్టుకుని లాగే బొమ్మలు కూడా బాగున్నాయి, ఎంత లాగినా కోణాల మొత్తం 180 దగ్గరే ఉండటం పిల్లలు కళ్ళారా చూడొచ్చు. కాబట్టి ప్లాట్‌ఫామ్ మొత్తానికి ఒక మార్కు వేయడమే కుదరని పని.

సోషల్ మేడమ్ పొడుగు ఆప్షన్లు నొక్కుకుంటూ పోయారు. సగానికి పైగా వచ్చాయి. ఆవిడ ముందు నవ్వారు, తర్వాత మా క్లాసు వాళ్ళకు ఇది ఎప్పుడో తెలిసే ఉంటుందన్నారు. కెమిస్ట్రీ సర్ చాప్టర్ వరస మార్చుకునే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉందని కనిపెట్టి, ఫిర్యాదు మార్చుకున్నారు. ఇప్పుడు ఆయన బాధ సమీకరణాలు తుల్యం చేసే ప్రశ్నల గురించి: 2H₂ + O₂ → 2H₂O ఒప్పుకుంటోంది, అన్నిటినీ రెట్టింపు చేసి 4, 2, 4 పెడితే "తప్పు" అంటోంది. చిన్న అంకెలు కావాలని ప్రశ్నలో ఎక్కడా లేదు. పరమాణువుల లెక్క రెండువైపులా సరిపోయాక అది తప్పెలా అవుతుంది? "చిన్న అంకెల్లో రాయండి" అనొచ్చు కదా అని ఆయన వాదన. నలుపు తెలుపు పరీక్షలో ఒప్పు తప్పుల పక్కన టిక్కు, ఇంటూ గుర్తులున్నాయి కాబట్టి గట్టెక్కింది. గుండ్రటి "పై చార్టు" బొమ్మల్లో మాత్రం రంగులు తప్ప పేర్లు లేవు.

ఫామ్‌లో నక్షత్రాలు తప్పనిసరి, మూడు పెట్టాను. విడిగా ఒక కాగితం మీద చాప్టర్ వారీగా రాసి, స్క్రీన్‌షాట్లు అతికించి, ముగ్గురం సంతకాలు చేసి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాం. గ్రాఫులు, రేఖాగణితం క్లాసులో వాడతాం. చాప్టర్ టెస్టు మార్కులను ఇంటర్నల్స్‌లో కలపొద్దు. అంకెలు మారే ప్రశ్నలు ఇచ్చేదాకా ప్రాక్టీసు విభాగానికి టీచర్ పేరుతో "బాగుంది" అని రాయలేం. ఇంతే మా అభిప్రాయం. ఆయన చదివి, ఇది కంపెనీకి పంపొచ్చా అని అడిగారు. పంపమన్నాం.

హాజరుపట్టీ:

మూడు పెట్టారుగా, ట్రైనింగ్ ఖాయం. సంతకాల ఐడియా మాత్రం బాగుంది మేడమ్. ఒక్కరు రాస్తే "ఆవిడకు కంప్యూటర్ రాదు" అంటారు, మూడు సబ్జెక్టుల వాళ్ళు రాస్తే ఆ మాట అనలేరు. మా దగ్గర కూడా ఫామ్ వచ్చింది, మీరు రాసిన కాగితం నమూనా ఇక్కడ పెడతారా?

సుద్దముక్క:

పెడతాను. స్కూలు పేరు, కంపెనీ పేరు తీసేసి రేపు సాయంత్రంలోగా. మూడో పీరియడ్ సర్, మీరు చెప్పిన ప్రశ్నల వారీ డేటా అడిగితే కంపెనీ అతను చాప్టర్ వారీ శాతాలే ఇస్తామంటున్నాడు. పిల్లల ప్రైవసీ అట.

మూడో పీరియడ్:

మీ పిల్లల మార్కులు మీకు చూపించడానికి ప్రైవసీ ఏమిటి, డాష్‌బోర్డులో పేర్లతో సహా చూపిస్తూనే ఉన్నాడుగా! సరే, వాదన వద్దు. పేర్లు తీసేసి వరస నంబర్లతో ఇమ్మనండి, మన లెక్కకు అది చాలు. మొదటి ప్రయత్నం జవాబులు విడిగా ఉండాలని మెయిల్‌లో స్పష్టంగా రాయండి, లేకపోతే ఆఖరి ప్రయత్నానివి ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. ఎక్సెల్ షీట్ వచ్చాక ఏ గడిలో ఏముందో చెప్పండి, సూత్రం నేను రాసి పంపిస్తాను.